నీటిపిల్లి కనిపించని వీడియో

నమస్కారం. ఈ వీడియోలో నీటిపిల్లి, అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లి, కనిపించదు. దాని కోసమే వచ్చినవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోవచ్చు, నేను నొచ్చుకోను. కెమెరా భుజాన వేసుకుని కోరింగ మడ అడవికి నేను వెళ్ళిందీ దాని కోసమే. అది కనిపించకపోవడానికి కారణం పిల్లి కాదు, పడవ నడిపిన పెద్దాయన. ఆ కథ చెబుతాను.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరింగ వస్తుంది. పాతవాళ్ళు కోరంగి అంటారు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి బర్మాకు ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరు పడిపోయింది. ఇప్పుడు ఆ పేరు చెబితే గుర్తొచ్చేది మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. లోపలికి చెక్కలతో నడకదారి వేశారు. ఆదివారం వెళితే ఆ దారిలో చెట్ల కంటే ఫోన్లు ఎక్కువ కనిపిస్తాయి. చెట్ల పక్కన బోర్డులున్నాయి, పేర్లున్నాయి. చదివి ముందుకు వెళ్ళిపోతాం.

పడవ ఎక్కాక అదే అడవి వేరేగా ఉంటుంది. పెద్దాయన ఇంజిను ఆపి, గెడతో ఒడ్డుకు జరిపి, బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడిన వేళ్ళను చూపించారు. బురదలో గాలి ఉండదు కాబట్టి తెల్లమడ, నల్లమడ చెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. ఇంతవరకు బోర్డు మీద కూడా ఉంది. ఆయన చెప్పింది ఇంకొకటి. పీతల కోసం దిగినవాడు ఆ వేళ్ళ మధ్య ఎలా అడుగు వేయాలో చెప్పారు. పాదం నిటారుగా దించకూడదట, పక్కవాటుగా జార్చాలట. మండపీత ఉన్న బొరియ ముందు బురద ఎలా ఉంటుందో, ఖాళీ బొరియ ముందు ఎలా ఉంటుందో చూపించారు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. ఆయన నవ్వారు. తిల్ల చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. దాని పాలు కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. కొమ్మ విరిచి ఫోటో దిగేవాళ్ళున్నారని ఆయనకు అనుభవం.

ఆ తర్వాత ఒక చిన్న కాలవ వచ్చింది. నీటిపిల్లి అడుగులు అటువైపు కనిపిస్తుంటాయని ఆయనే చెప్పారు. అటు పోనివ్వమన్నాను.

‘‘వద్దండి. అక్కడ వల కట్టారు.’’

కర్రలు పాతి, పోటు నిండాక కాలవకు అడ్డంగా వల లేపి కడతారు. నీరు తీస్తున్న కొద్దీ చేపలు, రొయ్యలు లోపల చిక్కుకుంటాయి. మా పడవ వెళ్ళాలంటే వల దించాలి. దించితే లోపల ఉన్నదంతా నీటితో పాటే వెళ్ళిపోతుంది. ‘‘బాబాయిగారూ, ఇంకొంచెం ఎక్కువ ఇస్తాను’’ అన్నాను. అలా అన్నందుకు ఇప్పుడు సిగ్గుగానే ఉంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ‘‘డబ్బు నాకు ఇస్తారు బాబూ, పోయేది వాళ్ళ పూట కదా’’ అని పడవ తిప్పేశారు.

పడవ తిప్పుతున్నప్పుడు నాకు చిరాకే వేసింది. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, ఇలా ‘వద్దు’ అనే పనిని ఒక పదవిగా పెట్టుకున్నవాళ్ళు ప్రపంచంలో ఉన్నారని. కెనడా పడమటి తీరం అవతల హైదా గ్వాయి అనే దీవులున్నాయి. అక్కడి మూలవాసులు హైదా ప్రజలు. 1862లో మశూచి వచ్చి, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. పాత ఊళ్ళలో చెక్కిన పెద్ద పెద్ద దేవదారు స్తంభాలు మిగిలాయి. వాటిని చూడటానికి, కొన్నిసార్లు ఎత్తుకుపోవడానికి కూడా, పడవల్లో జనం రావడం మొదలైంది. 1981లో హైదాలు తమ మనుషులనే ఆ ఊళ్ళలో కాపలా పెట్టారు. వాళ్ళ పేరు వాచ్‌మన్లు. మన అపార్టుమెంటు గేటు గుర్తొస్తుంది కానీ, ఆ పేరు వచ్చింది స్తంభాల పైభాగాన చెక్కే కావలివాళ్ళ బొమ్మల నుంచి. ఎస్‌గాంగ్ గ్వాయి అనే చోట ఒడ్డుకు రావాలంటే ముందు రేడియోలో అడగాలి. ఒకసారికి పన్నెండు మందే. పదమూడో మనిషి పడవలో కూర్చుని ఎదురుచూడాలి, ఎంత డబ్బున్నా సరే. వచ్చినవాళ్ళకు ఊరి కథ చెప్పేదీ ఆ వాచ్‌మన్లే.

న్యూజిలాండులో కైకౌరా అనే చిన్న ఊరు ఉంది. 1980లలో రైల్వే ఉద్యోగాలు పోయి, అక్కడి మూలవాసులైన మావోరీ కుటుంబాలు దెబ్బతిన్నాయి. 1987లో కొన్ని కుటుంబాలు ఇళ్ళు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, తిమింగలాలను చూపించే పడవ మొదలుపెట్టాయి. ఈ రోజు ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది దానివల్లే. తిమింగలం కనిపించకపోతే టికెట్టులో 80 శాతం వెనక్కి ఇస్తారు. సముద్రం తమ మాట వినదని తెలిసినవాళ్ళే అలాంటి షరతు రాసుకోగలరు.

ఆ మూలవాసుల కథలకూ మనకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. నిజమే, తేడా ఉంది. ఇక్కడి మత్స్యకారులైన అగ్నికుల క్షత్రియులు, వాడబలిజలు ప్రభుత్వ జాబితాలో బీసీలు. వాళ్ళ చేతిలో హైదాల లాంటి ఒప్పంద పత్రాలు లేవు. ఊళ్ళలో అటవీ శాఖ పర్యావరణాభివృద్ధి కమిటీలు పెట్టింది, ఊరివాళ్ళకు పని దొరికింది. మంచిదే, నేను కాదనను. పని దొరకడం ఒకటి, ఎంతమందిని రానివ్వాలో చెప్పగలగడం ఇంకొకటి. మొదటిది కొంత జరిగింది. రెండోదాని గురించి ఎక్కడా మాట్లాడరు.

మాట్లాడకపోతే ఏమవుతుందో చెబుతాను. కోనసీమలో ఒక రిసార్టుకు వెళ్ళాను, పేరు అనవసరం. సంక్రాంతి రోజులు. భోజనాల పట్టికలో పులస పులుసు ఉంది. జనవరిలో పులస! సముద్రపు చేప వరద నీటికి గోదావరిలోకి ఎదురీదితేనే పులస, అదీ వానాకాలంలో. ఏ రేవులో ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. పుస్తెలు అమ్ముకునైనా పులస తినాలన్న సామెత మాత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. సామెత మనది, చేప ఎక్కడిదో ఆ గోదారమ్మకే తెలియాలి. ఆ రిసార్టు పడవ కూడా కేరళ పడవను చూసి కట్టిందే. కోనసీమను ఆంధ్రా కేరళ అంటే పొగడ్త అనుకుంటాం. నాకైతే ఆ మాట వినగానే ఒళ్ళు మండుతుంది.

రొయ్యల చెరువులు, లంక గ్రామాలు, రేవులు అన్నీ తిరిగాను కానీ, బోర్డు మీద ఎన్నటికీ రాని సంగతి పెద్దాయన పడవలోనే విన్నాను. 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమను ముంచిన తుపాను. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్ళలో వేటకు వెళ్ళి తిరిగిరానివాళ్ళు ఎందరో. పెద్దాయన ఆ రాత్రి గురించి రెండు వాక్యాలే చెప్పారు. మడ చెట్ల మధ్య ఇరుక్కున్న పడవ మిగిలిందనీ, బయట ఉన్నది మిగలలేదనీ. కెమెరా ఆపేశాను. అది చెప్పాలో వద్దో, ఎవరికి చెప్పాలో ఆయన ఇష్టం. ఎవరైనా దాన్ని కంఠస్థం చేసి రోజుకు నాలుగుసార్లు పర్యాటకులకు అప్పజెబితే నేను వినలేను.

అతిథి ఎంత గొప్పవాడైనా తమ పద్ధతి మార్చుకోని ఊళ్ళు మన దగ్గరా ఉన్నాయి. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట చూడండి. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే భుజాల మీద మోసే ఎత్తైన అలంకార చట్రాల మీద, ఒక కొబ్బరితోటకు వస్తారు. పచ్చని వరిచేలు తొక్కుకుంటూ వస్తాయి ప్రభలు. చేను తొక్కారని రైతు గొడవ పెట్టడు, దేవుడు నడిచిన చేను అంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ నీళ్ళలోకి దిగుతాయి. మోసేవాళ్ళు మెడలోతు నీటిలో కూడా ప్రభ ఒరగనివ్వరు. 2023 గణతంత్ర దినోత్సవానికి రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. జనం లక్షల్లో వస్తారు. వచ్చిన జనం కోసం ప్రభ దారి మార్చదు, మనమే పక్కకు జరగాలి. కెమెరా పట్టుకున్నవాళ్ళు ఇంకొంచెం త్వరగా జరగాలి, ఆ పాఠం నాకు ఒక మోచేతి దెబ్బతో వచ్చింది.

పడవల దగ్గర ఆ పట్టు ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణం గడియారం. టికెట్టు కిటికీ ఆఫీసు వేళలకు తెరుస్తారు, మూస్తారు. పోటు ఏ రోజుకు ఆ రోజు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ రోజు పదింటికి నీరు నిండి పడవ తిరిగిన కాలవలో, వారం తర్వాత అదే పదింటికి బురద తేలి ఉంటుంది. ఆ బురద మీదే కొంగలు, ఉల్లంకులు దిగుతాయి, అది చూడవలసిన దృశ్యం. కానీ పట్టిక వేసినవాళ్ళకు అది ‘పడవ లేని పూట’. ఊరివాళ్ళను పట్టిక రాయమంటే ముందు నీళ్ళు చూస్తారు, తర్వాత వలలు చూస్తారు, మనం మూడో లెక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున ఉండి, మగవాళ్ళు చింతచెట్ల కింద వలలు బాగుచేసుకునే ఆ రెండు నెలల్లో వాళ్ళకు రాబడి కావాలి. మనవాళ్ళేమో ఎండలని అప్పుడు రారు. ఈ చిక్కుకు నా దగ్గర జవాబు లేదు. ఒడ్డున కూర్చుని వల అల్లడం చూడటానికి నేనైతే ఎండలోనూ వెళతాను.

దిగేటప్పుడు పెద్దాయనను మళ్ళీ అడిగాను, ఆ కాలవలోకి ఎప్పుడు రావచ్చని. తేదీ చెప్పలేదు, తిథి చెప్పారు. అష్టమికి రమ్మన్నారు. ఆ రోజుల్లో నీరు గట్టిగా లాగదు, అక్కడ వలలు కట్టరు. చీకటితోనే బయలుదేరాలి, అనుమతి ముందే తీసుకోవాలి, ఇద్దరి కంటే ఎక్కువ వద్దు, సెంటు పూసుకోవద్దు అన్నారు.

ఇంటికి వచ్చి క్యాలెండరు చూశాను. అష్టమి బుధవారం పడింది. ఆఫీసులో సెలవు అడిగాను, కారణం దగ్గర ఏమి రాయాలో తెలియక ‘తిథి’ అని రాశాను.