అడిగితేనే తాళం

శ్రోతలకు నమస్కారం. ఫలానా కంపెనీ నుంచి పాస్‌వర్డ్‌లు దొంగల పాలయ్యాయని వార్త వస్తే చాలు, మనకు సలహాలు మొదలవుతాయి. గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోండి, తరచూ మార్చండి అంటూ. తప్పంతా వాడేవాళ్ళదే అన్నట్టు! మరి ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళ మాటేమిటి?

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఇదే సందేహం వచ్చింది. 2017లో 20 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను పిలిచి, ఓ సోషల్ నెట్‌వర్క్‌కి కొత్త సభ్యులు చేరే భాగం రాయమన్నారు. పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచాలని సగం మందికి ముందే చెప్పారు, మిగతావాళ్ళ దగ్గర ఆ ఊసెత్తలేదు. ఊసెత్తని పదిమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా భద్రంగా దాచలేదు.

భద్రంగా దాచడమంటే ఏమిటో చెప్పాలి. పాస్‌వర్డ్‌ని హ్యాషింగ్ అనే లెక్కలో వేసి, వచ్చిన ఫలితాన్నే దాచాలి. పిండి మరలో పడ్డ బియ్యం మళ్ళీ గింజలు కానట్టే, ఆ ఫలితం నుంచి అసలు పాస్‌వర్డ్ వెనక్కి రాదు.

నిజంగా కంపెనీ పనైతే చేసేవాళ్ళమే అని విద్యార్థుల్లో కొందరన్నారు. నమ్మాలనే అనిపిస్తుంది. కానీ అదే బృందం 2019లో డబ్బు తీసుకుని పనిచేసే 43 మంది ఫ్రీలాన్సర్లకు అలాంటి పనే అప్పగించింది. కొందరికి 100 యూరోలు, కొందరికి 200. అక్కడా చాలామంది పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టే దాచేశారు. కొందరైతే బేస్64 వాడారు. చూడ్డానికి అర్థంకాని అక్షరాల్లా ఉంటుంది, అంతే. క్షణంలో ఎవరైనా విప్పేయొచ్చు. రెట్టింపు డబ్బుతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. భద్రంగా దాచమని అడిగితే మాత్రం వచ్చింది.

నాకిందులో వింతేమీ కనబడలేదు. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న మనిషి అడిగింది చేస్తాడు. బటన్ ఏ రంగులో ఉండాలో క్లయింటు పదిసార్లు చెబుతాడు. పాస్‌వర్డ్ ఎలా దాచారో తెరమీద కనిపించదు కాబట్టి అడగడు. ఆ ప్రోగ్రామర్‌ని బద్ధకస్తుడని తిడితే ఏం లాభం?

మీ దుకాణానికో, స్కూలుకో వెబ్‌సైట్ చేయించుకుంటున్నారా? ఒప్పందంలో ఒక్క ముక్క రాయించండి: పాస్‌వర్డ్‌లను బీక్రిప్ట్‌తో గానీ ఆర్గాన్2తో గానీ హ్యాష్ చేసి దాచాలి అని. ఆ పేర్ల వెనక లెక్కలు మీకు తెలియనక్కర్లేదు, రాసేవాళ్ళకు తెలుస్తుంది. సెలవు.