బీరువాలో దుర్భిణి, ఆకాశంలో తోకచుక్క

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. పేరుపేరునా చెబితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే అయిపోతాయి, అందరికీ కలిపి ఒకటే దండం. సైన్స్ డే కదా, రామన్ గారి గురించి మాట్లాడమన్నారు. 1928 నుంచి మొదలుపెట్టి ఇందాక ఒక అమ్మాయి అంతా చక్కగా చెప్పేసింది, ఇంక నాకేం మిగల్లేదు. అంచేత 2007 నుంచీ కడుపులో పెట్టుకున్న మాట ఒకటి చెప్పుకుంటాను. మైకు మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు.

తోకచుక్క అంటే అందరూ తోక గురించే అడుగుతారు. నేను చెప్పేవాటికి తోక ఉన్నా మన కంటికి ఆనదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చి జనం ఏం కీడో అని బెదిరిపోతుంటే, ఈ విజయనగరంలో కూర్చుని గురజాడ వారు దాన్ని భూమికి దూరపు చుట్టం అన్నారు. హేలీ డెబ్బై ఆరేళ్ళకోసారి వచ్చే చుట్టం, ఊరంతా ఎదురెళ్తుంది. అయిదేళ్ళకీ ఏడేళ్ళకీ వచ్చి, పలకరించేవాళ్ళు లేక వచ్చిన దారినే పోయే చుట్టాలు వందల్లో ఉన్నాయి. నా గోల వాటి గురించి.

హోమ్స్ అని ఒకటుంది. 1892 నవంబరులో లండన్‌లో ఎడ్విన్ హోమ్స్ అనే ఆయన ఆండ్రోమెడా గెలాక్సీ చూద్దామని దుర్భిణి తిప్పితే ఇది కంటపడింది. ఆయనేం ప్రొఫెసరు కాదు, సరదా కొద్దీ చూసేవాడు. దాదాపు ఏడేళ్ళకోసారి వస్తుంది. 1906లో కనిపించాక మళ్ళీ దొరకలేదు. 1908లో గురుగ్రహానికి దగ్గరగా వెళ్ళిందట, దాంతో దారి మారిపోయింది. తర్వాత బ్రయన్ మార్స్‌డెన్ అనే కుర్రాడు ఆ లెక్కంతా మళ్ళీ వేసి ఇదిగో ఇక్కడ వెతకండి అన్నాడు, 1964లో ఎలిజబెత్ రోమర్ అనే ఆవిడ వెతికింది, ఉంది. యాభై ఎనిమిదేళ్ళు! మనింట్లో తప్పిపోయిన గొడుగే దొరకదు.

ఈ దారి లెక్క ఎలా వేస్తారంటే, మూడు వేర్వేరు రాత్రుల్లో అది ఏ నక్షత్రాల మధ్య ఉందో కొలిస్తే ఒక చిత్తు దారి వస్తుంది. అంతే, చిత్తే. ఇంకో నెల చూస్తే కాస్త నిలబడుతుంది, ఇంకో రాకడ చూస్తే ఇంకాస్త. ఆకాశంలో దూరాలని ఆర్క్ సెకండ్లలో కొలుస్తారు, డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను. టైము సరిగ్గా ఉండాలి బాబూ, గంటకి అరవై ఆర్క్‌ సెకండ్లు నడిచే తోకచుక్కయితే మన గడియారం ఒక్క నిమిషం తప్పినా ఒక ఆర్క్‌ సెకను తప్పు చోట పెట్టేస్తాం. గోడ గడియారాన్ని నమ్మకండి. అన్నీ సరిగ్గా కొలిచినా అది మాట వినదు. ఎంకే అనే తోకచుక్క 3.3 ఏళ్ళకోసారి వస్తుంది, పందొమ్మిదో శతాబ్దంలో అది ప్రతి చుట్టుకీ రెండున్నర గంటలు ముందే వచ్చేస్తుంటే ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. 1950లో ఫ్రెడ్ విపుల్ అనే అమెరికా ఖగోళవేత్త చెప్పాడు, అది మురికి మంచుముద్ద, ఎండ తగిలి ఆవిరి ఒక పక్కకి చిమ్ముతుంది, ఆ తోపుకే దారి జరుగుతుంది అని. కాలిన దోసె పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు తమ ఆవిరి మీదే తాము పరిగెడతాయే, ఇంచుమించు అలాంటిదే అనుకోండి.

సరే, 2007. పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయిన వారం. నేను అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక బళ్ళో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. అక్టోబరు 25 సాయంత్రం విశాఖ నుంచి స్నేహితుడు ఫోను: "హోమ్స్ పేలిందిరా, ఉత్తి కంటికే కనబడుతోంది." నమ్మలేదు. నాలుగు రోజుల ముందు దాని మాగ్నిట్యూడ్, అంటే వెలుగు అంకె, 17. ఈ లెక్క తిరగేసి ఉంటుంది, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. మంచి చీకట్లో మన కన్ను 6 దాకా చూస్తుంది, 17 అంటే పెద్ద దుర్భిణికి కెమెరా తగిలిస్తేనే దొరుకుతుంది. అది రెండు రోజుల్లోపు 2.8కి వచ్చింది. అయిదు లక్షల రెట్లు, కొంచెం అటూ ఇటూ. మొట్టమొదట చూసింది స్పెయిన్ వాళ్ళ టెనెరిఫే దీవిలో ఒక అమెచ్యూర్, ఆయనా సరదా కొద్దీ చూసేవాడే.

మా బళ్ళో దుర్భిణి ఉంది. ఎవరో దాత ఇచ్చింది, అయిదంగుళాలది, బంగారం లాంటి అద్దం. బీరువాలో ఉంది. బీరువా తాళం పెద్దాయన దగ్గర ఉంది, ఆయన ఊళ్ళో లేరు. ఫోన్ చేస్తే, "మాస్టారూ, స్టాకు రిజిస్టరులో రాయకుండా ఎలా తీస్తామండీ, గీత పడితే ఎవరిది పూచీ" అన్నారు. ఆ దుర్భిణి వచ్చిన ఆరేళ్ళలో దాని మీద పడిన గీత ఒక్కటే, రిజిస్టరులో సీరియల్ నంబరు కింద గీసింది!

ఇంటి మేడ ఎక్కాను. పున్నమి వెన్నెల, పక్కింటి వాచ్‌మన్ కిందనుంచి, "ఏటి మాస్టారూ, దొంగోళ్ళు గానీ వస్తన్నారేటి?" అంటున్నాడు. కృత్తికలకి ఉత్తరంగా, బ్రహ్మహృదయానికి ఇవతల, పెర్సియస్ నక్షత్రమండలం‌లో ఉండకూడని చుక్క ఒకటి పసుపుగా ఉంది. ఆ మండలంలోనే ఆల్ఫా అనే నక్షత్రం మాగ్నిట్యూడ్ 1.8, డెల్టా అనేదానిది 3.0. దీనిది ఆ రెండింటికీ మధ్య, డెల్టాకి దగ్గర. 2.7 అని రాసుకున్నాను. బయట దేశాల వాళ్ళ లెక్కలు తర్వాత చూస్తే ఇంచుమించు అంతే. కాగితం, పెన్సిలు, రెండు కళ్ళు.

ఆ రాత్రి అది చుక్కలా ఉంది కాబట్టి పని తేలికయింది. మామూలు తోకచుక్క మసక. పొయ్యి మీద పొగ ఎక్కడిదాకా ఉందంటే ఏం చెబుతాం? అందుకే పక్క నక్షత్రాలని కావాలనే ఫోకస్ తప్పించి, వాటినీ అంతే మసక చేసి పోలుస్తారు. కెమెరాతో అయితే చుట్టూ ఎంత వలయం గీసి వెలుగు కూడామో రాసి తీరాలి, చిన్న వలయం గీసినవాడికి తక్కువ, పెద్దది గీసినవాడికి ఎక్కువ వస్తుంది. ఇద్దరూ అబద్ధాలకోర్లు కారు. ఉత్తి రాయి సూర్యుడికి రెండింతలు దూరం వెళ్తే దాని మీద పడే వెలుగు నాలుగో వంతు. తోకచుక్కకి మంచు ఆవిరవడం కూడా తగ్గుతుంది కాబట్టి మామూలుగా పదహారో వంతు అని వేసుకుంటారు. వేసుకుంటారు అంతే, అది పాటించదు. హోమ్స్ పేలేటప్పటికి సూర్యుణ్ణి దాటి అయిదు నెలలు, సూత్రం ప్రకారం రోజురోజుకీ తగ్గాలి. అది కాస్తా నవంబరుకల్లా ఉబ్బి, చుట్టూ మబ్బు సూర్యుడి కన్నా పెద్దదయింది.

వెనక వరస బాబులూ, ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టండి, మీ కోసమే చెబుతున్నాను. పేలక ముందు రాత్రి దానికోసం వెతికి "ఈ రోజు కనబడలేదు, 14 దాకా నక్షత్రాలు కనబడ్డాయి" అని ఎవరైనా రాసుంటే ఆ వరస వెల కట్టలేనిది. పేలుడు ఏ గంటకి మొదలైందో తేలేది అలాంటి రాతల వల్లే. కనబడలేదు అని రాయడానికి సిగ్గుపడకండి. నా నోటు పుస్తకంలో సగం పేజీలు "మబ్బు", పావు పేజీలు "లేదు". ఆ పుస్తకం చూసి మా ఆవిడ ఇదేం పద్దు అంది.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత డబ్బుతో ఆకాశాన్ని చూసే వేధశాల కట్టారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు 1874లో అక్కడినుంచి శుక్రుడు సూర్యుడికి అడ్డంగా వెళ్ళడం చూశారు. వాళ్ళు స్టాకు రిజిస్టరు రాశారో లేదో గానీ ఆకాశం మాత్రం రాశారు.

చీటీ వచ్చింది, టైమయిందట. ఒక్కటే. హోమ్స్ 2028 మొదట్లో మళ్ళీ సూర్యుడి దగ్గరకొస్తుంది. పేలుతుందో లేదో ఎవరూ చెప్పలేరు, పెద్ద మసకగానే పోవచ్చు. ప్రిన్సిపాల్ గారూ, ఇందాక మీ ఫిజిక్స్ ల్యాబు పక్కనుంచి వస్తూ అద్దంలోంచి చూశాను, మూల బీరువాలో పొడుగాటి పెట్టె ఒకటుంది, మీద దుమ్ముంది. భోజనాల ముందు ఒకసారి తెరుద్దాం. తాళం ఎవరి దగ్గరుందండీ?