స్టీరింగ్ తిప్పినా బండి తిరక్కపోతే

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌కి కారణం నేనే. పోయిన నవంబరులో రాపూరు నుంచి చిట్వేలు ఘాట్‌లో పోతున్నా. సన్నగా జల్లు పడుతోంది. కుడి మలుపులో స్టీరింగ్ తిప్పాను, బండి తిరగలేదు. ముక్కు ఎడమ అంచున పిట్టగోడ వైపే పోతోంది. నెల్లూరులో పాతికేళ్లుగా షెడ్డు నడుపుతున్న అన్నకి అప్పుడే ఫోన్ చేశాను. ఇవాళ పక్కనే కూర్చున్నాడు.

అన్న: ఫోన్‌లో సగమే చెప్పావు. తిరగలేదని ఇంకా తిప్పావా?

హోస్ట్: తిప్పా. బ్రేక్ కూడా తొక్కా. ఏబీఎస్, అదే బ్రేక్ తొక్కినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏర్పాటు, కాలి కింద గడగడలాడింది. గోడకి బారెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో మా అత్త పెంచలకోన స్వామికి తలనీలాలు మొక్కేసింది. ఆమెవి కాదు, నావి!

అన్న: (నవ్వు) దీన్నే అండర్‌స్టీర్ అంటారు. నువ్వు తిప్పినంత బండి తిరగదు, ముందు టైర్లు జారి వెడల్పుగా పోతుంది. అంబాసిడర్‌ని వెనక చక్రాలు నెట్టేవి. 1983లో వచ్చిన మారుతి 800 నుంచీ మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలే లాగేది, తిరిగేది కూడా అవే. ఇంజనూ గేర్‌బాక్సూ ముందే కాబట్టి బరువూ అక్కడే ఎక్కువ. కాడెద్దుల్ని చూడు. బండిని లాగేదీ అవే, మలిపేదీ అవే. బురదలో డెక్కలు జారుతుంటే పగ్గం ఎంత లాగినా ఏం లాభం?

హోస్ట్: అంటే టైరుకి రెండు పనులు.

అన్న: రెండిటికీ ఉన్న పట్టు ఒక్కటే. పదహారణాలు అనుకో. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లాగడానికే చాలా అణాలు పోతాయి, తిరగడానికి చిల్లర మిగులుతుంది. లెక్క ఇంత సూటిగా ఉండదు గానీ సంగతి అదే. ఇక స్పీడు రెట్టింపైతే అదే మలుపు తిరగడానికి నాలుగు రెట్ల పట్టు కావాలి. 30లో సుఖంగా తిరిగిన మలుపు 60లో తిరగకపోవడంలో వింతేమీ లేదు.

హోస్ట్: నాకో విషయం గుర్తుంది. జారే ముందు స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోయింది.

అన్న: అదే అసలు గుర్తు! మలుపులో స్టీరింగ్ చేతికి కొంచెం బరువుగా తగులుతూ ఉండాలి. ఆ బరువు పోయిందంటే టైరు రోడ్డుని వదిలేస్తోందని అర్థం. పొడి రోడ్డైతే టైరు మూలుగుతుంది కూడా. వానలో ఆ చప్పుడు వినపడదు, చేతులే చెప్పాలి.

హోస్ట్: అప్పుడు ఏం చెయ్యాలి?

అన్న: యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తగ్గించు. బరువు ముందుకు వస్తుంది, ముందు టైర్లు రోడ్డుని అదుముకుంటాయి. అదే టైములో స్టీరింగ్ కొంచెం వెనక్కి వదులు.

హోస్ట్: గోడ కళ్ల ముందు ఉంటే స్టీరింగ్ వదలాలా? మనసొప్పుతుందా అన్నా?

అన్న: ఒప్పదు. చెయ్యి దానంతట అదే ఇంకా తిప్పుతుంది. కానీ ఎక్కువ తిప్పిన టైరు అడ్డంగా గీసుకుపోతుంది తప్ప దొర్లదు. దొర్లితేనే పట్టు. పూర్తిగా తిన్నగా పెట్టమనడం లేదు, పిసరంత. పట్టు మళ్లీ చేతికి తగలగానే మెత్తగా తిప్పు. ఎక్కువ తిప్పి ఉంచావనుకో, పట్టు ఒక్కసారిగా దొరికి బండి లోపలికి లాగేస్తుంది.

హోస్ట్: కాలు టక్కున ఎత్తేస్తే?

అన్న: వద్దు. బరువంతా ఒక్కసారే ముందుకు వస్తే వెనక తేలికై తోక తిరుగుతుంది. అది ఇంకో తలనొప్పి. కానీ గోడ మీదికే పోతుంటే, ఏబీఎస్ ఉంది కాబట్టి, బ్రేక్ తొక్కి స్పీడు తగ్గించుకోవడమే మేలు. ఏబీఎస్ లేని పాత బండిలో గట్టిగా తొక్కితే చక్రాలు బిగిసిపోతాయి, ఇక అస్సలు తిరగదు. ఈఎస్‌సీ, అంటే బండి జారితే దానంతట అదే సర్దే ఏర్పాటు, ఉన్న బండైతే మలుపు లోపలి వైపు వెనక చక్రానికి తనే బ్రేక్ వేసి ముక్కుని తిప్పుతుంది. అదీ ఉన్న పట్టుతోనే, లేని పట్టుని తేలేదు.

హోస్ట్: ఘాట్ ఒక్కటేనా, మన వైపు ఇంకెక్కడ జాగ్రత్త?

అన్న: కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, ఆ గింజల మీద టైరు గోలీల మీద ఎక్కినట్టే. రొయ్యల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోయిన మలుపులూ అంతే. వీటన్నిటికీ మందు ఒక్కటే, మలుపుకి ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ వేసుకోవడం. ఇంకోటి, రెండే కొత్త టైర్లు కొంటే మనోళ్లు ముందు వేయించుకుంటారు. వెనక వేయమని టైరు కంపెనీలు చెప్తాయి. ముక్కు జారితే కాలు తగ్గించి సర్దుకోవచ్చు, తోక జారితే మామూలు డ్రైవరు సర్దలేడు. అలాగని ముందు అరిగినవి ఉంచుకోమని కాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టం ప్రకారమే ఆ టైరు పనికిరాదు.

హోస్ట్: నా టైర్లు బాగానే ఉన్నాయిలే.

అన్న: గాడి బాగానే ఉంది. కానీ ఇందాక పైకి వస్తూ గేజ్ పెట్టి గాలి చూశా. డోరు పక్క స్టిక్కర్ మీద 33 అని ఉంది. నీ ముందు ఎడమ టైరులో 22.

హోస్ట్: ఎడమదా? కుడి మలుపులో బరువంతా...

అన్న: దాని మీదే. ఎన్నాళ్లైంది గాలి చూపించి?

హోస్ట్: దసరాకి, బండి పూజప్పుడు.

అన్న: మైకు కట్టెయ్యి అబ్బయ్యా. పద, గాలి కొట్టిద్దాం.