నాటకాల్లోంచి మిగిలిన మాటలు

శ్రోతలకు నమస్కారం. రోమన్ల వివేకం అనగానే సిసెరో, సెనెకా, మార్కస్ అరేలియస్ గుర్తొస్తారు. ముగ్గురూ కలిగినవాళ్లే. ఈరోజు చెప్పబోయేది బానిసగా రోమ్ చేరిన ఒక సిరియా కుర్రవాడి గురించి. పేరు పబ్లిలియస్. వాడి మాటకారితనానికి ముచ్చటపడ్డ యజమాని, చదువు చెప్పించి విడుదల చేశాడు. ఆ తర్వాత అతను హాస్య నాటికలు రాస్తూ, తానే వేషం కడుతూ ఇటలీ ఊళ్లు తిరిగాడు.

క్రీ.పూ. 46లో, రోమ్‌ని నియంతగా ఏలుతున్న జూలియస్ సీజర్ అక్కడ వేడుకలు జరిపించాడు. అక్కడ నాటిక రచయితలందరినీ పోటీకి పిలిచాడు పబ్లిలియస్. లబేరియస్ అని ఉన్నత వర్గానికి చెందిన 60 ఏళ్ల పెద్దమనిషి ఉండేవాడు. రాసేవాడే గానీ వేదికెక్కేవాడు కాదు, ఆ హోదాకి అది పరువు తక్కువ. సీజర్ అడిగితే కాదనగలడా? కొరడా దెబ్బలు తిన్న సిరియా బానిస వేషంలో వచ్చాడు. ప్రత్యర్థిని ఎత్తిపొడవడానికేనేమో! "రోమన్లారా, మన స్వేచ్ఛ పోయింది" అని అరిచాడు. కాసేపాగి, "ఎందరినో భయపెట్టేవాడు ఎందరికో భయపడక తప్పదు" అన్నాడు. జనమంతా సీజర్ వైపు తిరిగి చూశారట. గెలుపు మాత్రం పబ్లిలియస్‌దే అని సీజర్ తీర్పు చెప్పాడు. రెండేళ్లకే సీజర్ హత్య జరిగింది.

పబ్లిలియస్ నాటికలు పోయాయి. వాటిలోంచి ఏరిన ఒంటి వాక్యాలు ఓ 700 దాకా నిలిచాయి. మన పిల్లలు సుమతీ శతకం చదివినట్టు, రోమ్ పిల్లలు బడిలో వాటిని చదివేవారు.

నాకు మాత్రం అవి నీతులుగా కన్నా, చాటునుంచి విన్న మాటల్లా అనిపిస్తాయి. "వారసుడి ఏడుపు ముసుగు వెనక నవ్వు." "పిసినారి చేసే మంచి పని చావడం ఒక్కటే." ఇళ్లలో పనిచేస్తూ యజమానుల్ని దగ్గరగా చూసినవాడి చూపు ఇది. "మేలు పొందడమంటే స్వేచ్ఛని అమ్ముకోవడమే" అని కూడా రాశాడు. రోమ్‌లో విడుదలైన బానిస పాత యజమానికి జీవితాంతం కట్టుబడి ఉండాలి. అది తెలిసి వింటే ఈ మాట బరువు వేరు. అయితే నాటకంలో దీన్ని ఏ పాత్ర అందో, మంచివాడో మోసగాడో, మనకి మిగల్లేదు.

"దోషి తప్పించుకుంటే శిక్ష పడేది న్యాయమూర్తికే" అన్నదీ అతనిదే. 1802లో మొదలైన ఎడిన్‌బరో రివ్యూ అనే పత్రిక ఈ వాక్యాన్ని నినాదంగా పెట్టుకుంది. పత్రిక పని పుస్తక సమీక్షలు. అంటే, దోషులు రచయితలన్నమాట!