ఒంటి పట్టా మీద పటియాలా రైలు

శ్రోతలకు నమస్కారం. ఢిల్లీ వెళ్ళినవాళ్ళు ఎర్రకోట చూస్తారు, కుతుబ్‌మీనార్ చూస్తారు, తీరిక ఉంటే ఆగ్రా కూడా పోయొస్తారు. చాణక్యపురిలో, విదేశీ రాయబార కార్యాలయాలుండే పేటలో, పదెకరాల పైచిలుకు జాగాలో పాత రైలింజన్లూ పెట్టెలూ పెట్టిన జాతీయ రైలు మ్యూజియం ఒకటుంది. దాన్ని మాత్రం ‘ఆ, పిల్లలకి కదా’ అని వదిలేస్తారు. వదిలేయకండి అని చెప్పడానికే ఇవాళ మైకు ముందు కూర్చున్నాను.

పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1971 అక్టోబరు 7న శంకుస్థాపన, 1977 ఫిబ్రవరి 1న ప్రారంభం. శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి, మన వి.వి. గిరి గారు. వయసులో ఉన్నప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులని కూడగట్టి, వాళ్ళ సమ్మెకి ముందు నిలబడ్డ మనిషి ఆయన. అదే, మన వాల్తేరు దాకా బళ్ళు నడిపిన కంపెనీ. ఆ కంపెనీ ఇంజనొకటి ఇప్పుడు ఆ ఆవరణలోనే ఉంది. గారట్ అంటారు దాన్ని. మధ్యలో బాయిలరు, ముందొక ఇంజను, వెనకొక ఇంజను, మొత్తం 24 చక్రాలు. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి పిలుపు వినపడదేమో అనిపిస్తుంది. అది కాక 1862 నాటి రామ్‌గొట్టి అనే ఆవిరి ఇంజను ఉంది, 1875లో వేల్స్ యువరాజు కోసం చేసిన పెట్టె ఉంది, మైసూరు మహారాజా వారి సెలూను, అంటే ఆయన సొంత రైలు పెట్టె ఉంది. అవన్నీ చెబుతూ కూర్చుంటే నా టైము అయిపోతుంది. నాకు ఇష్టమైనది ఒక్కటే చెబుతాను. పటియాలా రైలు.

ఈ రైలుకి ఒకటే పట్టా. మళ్ళీ చెబుతున్నాను, రెండు కాదు, ఒకటే పట్టా.

పంజాబులో పటియాలా సంస్థానం. 1907 ప్రాంతం. ఊళ్ళ మధ్య మట్టి రోడ్లు, వానొస్తే ఇరుసుల దాకా బురద, ఎండాకాలం మోకాలి లోతు దుమ్ము, బస్తాల బండి ఒకసారి గుంటలో దిగబడిందంటే ఎడ్ల నోట నురగలే. మామూలు రైలు మార్గం వేయాలంటే కట్ట పోయాలి, స్లీపర్లు పరవాలి, భూములు కొనాలి, అంత సొమ్ము ఎవరు పోస్తారు? అప్పుడు సంస్థానం ఇంజనీరు కర్నల్ బౌల్స్, అంతకుముందే ఖరగ్‌పూర్ దగ్గర పనిచేస్తూ చేయి తిరిగిన ఒక పద్ధతిని ఇక్కడ పట్టుకొచ్చాడు. ఎలాగూ రోడ్డుంది కదా, దాని అంచునే ఒక్క పట్టా వెయ్యండి చాలు అన్నాడు. పెట్టె కింద చక్రాలు ఒకదాని వెనక ఒకటిగా, రెండు వైపులా అంచులు కట్టుకుని ఆ పట్టా మీద నడుస్తాయి. మరి పడిపోదా? పడిపోకుండా ఒక పక్కన పెద్ద ఇనప చక్రం ఉంటుంది, అది రోడ్డు మీద నడుస్తుంది. సైకిలు నేర్చుకునే పిల్లలకి పక్కన చిన్న చక్రం బిగిస్తామే, అలాగన్నమాట. బరువులో సింహభాగం పట్టా మోస్తుంది, పక్క చక్రం బండిని నిలబెడుతుంది. అందుకని రోడ్డూ అరగదు, లాగేవాళ్ళకి శ్రమా ఉండదు.

లాగేవాళ్ళెవరంటారా? మొదట్లో ఇంజన్లు లేవు. ఎడ్లు, కంచరగాడిదలు. యుద్ధమొస్తే సైన్యానికి పనికొస్తాయని సంస్థానం కంచరగాడిదల మందనే మేపుతుండేది, యుద్ధం లేని రోజుల్లో వాటికి తినడం తప్ప పనేం ఉంటుంది, ఆ తిండి ఖర్చేదో రైలు లాగి రాబట్టుకోమన్నారు. ఈ ఐడియా ఎవరిదో గానీ నాకు భలే నచ్చింది. తర్వాత జర్మనీలో ఒరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ కంపెనీ నుంచి బుల్లి ఆవిరి ఇంజన్లు నాలుగు తెప్పించారు. సుమారు 50 మైళ్ళ మార్గం, ఇరవయ్యేళ్ళ నడక. రోడ్లు బాగుపడ్డాయి, మోటార్లొచ్చాయి, 1927లో మూసేశారు.

మూసేసి ఇంజన్లని షెడ్డులో పడేశారు, అందరూ మరిచిపోయారు. పడేసిన 35 ఏళ్ళకి, 1962లో, మైక్ సాటో అనే ఆయన, ఇంగ్లండు నుంచి ఉద్యోగం మీద వచ్చి మన రైళ్ళ పిచ్చిలో పడ్డ మనిషి, పటియాలాలో వాటిని కనిపెట్టాడు. మ్యూజియం పెట్టేటప్పుడు సలహాదారు కూడా ఆయనే. ఒక ఇంజన్ని అమృత్‌సర్ రైల్వే వర్క్‌షాపుకి తీసుకెళ్ళి బాగుచేశారు. పైకి తుడిచి రంగేయడం కాదు, నడిచేటట్టు బాగుచేశారు. నిప్పు రాజేస్తే అది నడుస్తుంది, వెనక పెట్టెలో జనం ఎక్కుతారు కూడా.

నేను గొప్పంటున్నది దీన్నే. మన స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు దిమ్మె మీద పాత ఇంజన్లు నిలబెట్టి ఉంటాయి చూడండి, రంగు మీద రంగు, ఆ పూత కింద బోల్టు ఏదో రివెట్టు ఏదో తెలీదు. దాని ముందు ఫొటో దిగుతాం, వెళ్ళిపోతాం. ఈ ఒంటి పట్టా రైలుని అలా దిమ్మె ఎక్కించి ఉంటే, ఇది నిజంగా నడిచిందంటే ఎవరు నమ్ముతారు? పక్క చక్రం మట్టి మీద దొర్లుతుంటే చూసినవాడు మాత్రం ఇంక అడగడు.

కాకపోతే ఆవిరి ఇంజను నడపడం తాళం తిప్పి స్టార్ట్ చేసే వ్యవహారం కాదు. చల్లారిన బాయిలరుని హడావుడిగా వేడిచేస్తే ఇనప రేకులు సమంగా సాగక, అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది, అందుకే బండి కదిలే వేళకి కొన్ని గంటల ముందే నిప్పు వేస్తారు. ముందు కట్టెలు, తర్వాత బొగ్గు, కొంచెం కొంచెంగా. నిప్పు చూసుకునే ఫైర్‌మన్ ఒక కన్ను ఎప్పుడూ ఎదురుగా ఉన్న గాజు గొట్టం మీదే, బాయిలర్లో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూపేది అదే. నీళ్ళు తగ్గి, వాటి కింద మునిగి ఉండాల్సిన పొయ్యి పైకప్పు బయటపడిందా, కొంప మునిగినట్టే. దానికీ ఒక ఉపాయం ఉంది, ఆ కప్పులో సీసం నింపిన మర ఒకటి బిగిస్తారు, వేడి మితిమీరితే సీసం కరిగి, ఆ కన్నంలోంచి ఆవిరి నిప్పు మీదికి దూకి మనుషుల్ని హెచ్చరిస్తుంది. ఇవన్నీ తెలిసిన చేతులుంటేనే ఇంజను బతుకుతుంది. బండిని మాత్రం దాచి, ఈ విద్య తెలిసినవాళ్ళని ఇంటికి పంపేస్తే మనం దాచింది ఏమిటి? ఇనుమే.

నడిపితే అరిగిపోదా అంటారు కొందరు, న్యాయమైన ప్రశ్నే. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజను ఈ మ్యూజియంలోనే ఏళ్ళ తరబడి కదలకుండా ఉండేది. 1997లో దాన్ని మళ్ళీ నడిపించి, ఢిల్లీ నుంచి రాజస్థాన్‌లోని ఆల్వార్ దాకా జనాన్ని తీసుకెళ్ళారు, పనిచేస్తున్న ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదని గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. అరుగుదల ఉంటుంది, భాగాలు మార్చాల్సీ వస్తుంది. నా మటుకు నాకు, కదలని అసలు కన్నా నాలుగు భాగాలు మారినా కదిలేదే మేలు.

ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. సోమవారం మ్యూజియం మూసి ఉంటుంది. పటియాలా రైలుకి రోజూ నిప్పు వెయ్యరు, కాబట్టి ఏ రోజు నడుపుతారో ముందే కనుక్కుని వెళ్ళండి, లేదంటే అంత దూరం పోయి ఊరికే చూసి రావాలి. నడిపే రోజైతే కాస్త ముందే వెళ్ళి, పట్టా వైపు కాకుండా పెద్ద చక్రం ఉన్న వైపు నిలబడండి, అసలు చూడాల్సింది అటే ఉంది. పిల్లలకి తెల్లచొక్కాలు వెయ్యకండి, మసి పడుతుంది. పెట్టెలో కూర్చున్నాక ఇంజను వైపు ముఖం పెట్టి తొంగిచూడనివ్వకండి, కంట్లో బొగ్గు నలక పడిందంటే మిగతా ఇంజన్లేవీ చూడనివ్వరు. ఉంటాను, నమస్కారం.