పెట్టని సంతకం

అందరికీ నమస్కారం.

హిట్లర్‌ని ఎదిరించిన మేయర్లనగానే లైప్‌జిగ్ గోయర్డెలర్, కొలోన్ అడెనావర్ గుర్తొస్తారు. పెద్ద ఊళ్ళు, పెద్ద పేర్లు. నేను ఇవాళ మాట్లాడదలుచుకున్నది జర్మనీలోని బ్రెట్‌హైమ్ అనే పల్లెటూరి మేయర్ గురించి. పేరు లియొన్‌హార్ట్ గాక్‌స్టాటర్. మేయర్ అంటున్నాం గానీ, మన లెక్కలో సర్పంచ్ అనుకోండి. ఊళ్ళో ప్రతి గడపా తెలిసిన మనిషి.

1945 ఏప్రిల్ మొదటి వారం. యుద్ధం ఓడిపోయారని అందరికీ తెలుసు. దగ్గర్లోని క్రైల్స్‌హైమ్ దాకా అమెరికా ట్యాంకులు వచ్చేశాయి. తెల్లజెండా కట్టిన ఇంట్లో మగవాళ్ళందర్నీ కాల్చెయ్యమని, ఎస్ఎస్ అనే నాజీ సాయుధ దళానికి అధిపతైన హిమ్లర్ అప్పటికే ఆర్డరేశాడు. జనం పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. జెండా కడితే సొంత సైన్యం చంపుతుంది, కట్టకపోతే ఎదుటివాళ్ళ ఫిరంగులు.

ఏప్రిల్ 7న ఆ ఊళ్ళోకి నలుగురు కుర్రాళ్ళు దిగారు. హిట్లర్ యువదళం వాళ్ళు, ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లలు. చేతుల్లో పాంజర్‌ఫౌస్ట్‌లు, అంటే ట్యాంకుల్ని పేల్చే ఆయుధాలు. వీళ్ళు ఒక్కటి పేల్చారంటే తిరిగొచ్చే గుండ్లకి ఊరు ఊరంతా బూడిదవుతుంది. ఫ్రీడ్రిష్ హాన్సెల్‌మన్ అనే రైతు, ఇంకొందరు కలిసి వాళ్ళ దగ్గరున్న ఆయుధాలు లాక్కుని ఊరి కుంటలో పడేశారు. పిల్లల్ని పంపించేశారు. జరిగింది ఇంతే. ఏ ఊళ్ళో పెద్దవాళ్ళైనా చేసే పనే ఇది.

కబురు ఎస్ఎస్ వాళ్ళకి చేరింది. మేజర్ స్థాయి అధికారి గాట్‌షాల్క్ వచ్చి విచారణ పెట్టాడు. హాన్సెల్‌మన్‌కి మరణశిక్ష అన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టమని మేయర్ గాక్‌స్టాటర్‌నీ, బడి పంతులు లియొన్‌హార్ట్ వోల్ఫ్‌మేయర్‌నీ అడిగారు. ఇద్దరూ పెట్టడానికి ఒప్పుకోలేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ పంతులుగారు మామూలు పంతులు కాదు, ఆ ఊళ్ళో నాజీ పార్టీ నాయకుడు. మేయర్ కూడా ఆ పాలన కింద పనిచేసినవాడే. నేను వీళ్ళని మొదటినుంచీ తిరగబడ్డ వీరులని చెప్పను. అలా చెబితే అబద్ధమవుతుంది. నాకు వీళ్ళ మీద ఇంత గౌరవం కలగడానికి కారణం కూడా అదే. అన్నేళ్ళూ వ్యవస్థ చెప్పినట్టు నడిచిన చేతులు, తమ ఊరి రైతు ప్రాణం ఆ కాగితం మీదికి వచ్చేసరికి కదల్లేదు. పెట్టకపోతే తమకేమవుతుందో వాళ్ళకి తెలియదని నేననుకోను. ఆ రోజుల్లో అంతకంటే చిన్నవాటికే మనుషుల్ని చంపారు.

ఇద్దర్నీ పట్టుకెళ్ళి వాళ్ళకీ మరణశిక్ష వేశారు. ఎస్ఎస్ జనరల్ మాక్స్ సిమోన్ ఖాయం చేశాడు. ఏప్రిల్ 10న ముగ్గుర్నీ శ్మశానం దగ్గరున్న లిండెన్ చెట్లకి ఉరితీశారు. మెడలో అట్టలు తగిలించారు. ద్రోహిని కాపాడబోయానని ఆ ఇద్దరి చేతే చెప్పిస్తున్నట్టు రాతలు. శవాల్ని రోజుల తరబడి దించనివ్వలేదు. ఇళ్ళవాళ్ళు ఆ దారిన ఎలా నడిచి ఉంటారో ఊహించడం నావల్ల కాదు.

వారం తిరిగేసరికి, ఏప్రిల్ 17న, హాన్సెల్‌మన్ భయపడ్డదే జరిగింది. తెల్లజెండా కట్టే ధైర్యం ఇక ఎవరికీ మిగల్లేదు. అమెరికన్ల దాడిలో ఊరు తగలబడింది. 17 మంది చనిపోయారు.

తర్వాతి కథ ఇంకా కోపం తెప్పిస్తుంది. ఇటలీలో చేసిన హత్యలకి సిమోన్‌కి 1947లో బ్రిటిష్ సైనిక కోర్టు మరణశిక్ష వేసింది, తర్వాత తగ్గించింది. 1954లో బయటికొచ్చాడు. బ్రెట్‌హైమ్ కేసు 1955లో అన్స్‌బాఖ్ కోర్టుకెక్కింది. నిర్దోషి అన్నారు. మళ్ళీ విచారణలు జరిగాయి, అయినా శిక్ష పడలేదు. 1961లో మామూలు మనిషిలాగే పోయాడు. కాగితాలు సరిగ్గా ఉంటే హత్య కూడా తీర్పైపోతుందన్న వాదన కోర్టులో అన్నేళ్ళు నిలబడటం నాకిప్పటికీ మింగుడుపడదు.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది రోథెన్‌బుర్గ్ వెళ్ళి పాత కోటగోడల ముందు ఫొటోలు దిగుతుంటారు. బ్రెట్‌హైమ్ అక్కణ్ణించి ఎంతో దూరం లేదు. 1992లో ఊరి టౌన్‌హాల్లోనే ఈ ముగ్గురి జ్ఞాపకంగా ఒక గది తెరిచారు. మీ పిల్లలు ఆ వైపు వెళ్తే, ఒక పూట అక్కడ ఆగమని చెప్పండి.