ఒక వైపంతా ఒకే పాట: ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రికార్డు కథ

[చేతిలో రికార్డు, ఆకుపచ్చ కవరు]

ఈ రికార్డులో రెండు వైపులా కలిపి మూడే మూడు పాటలున్నాయి. మొదటి పాటే ఒక వైపంతా ఆక్రమించేసింది, 18 నిమిషాల 40 సెకన్ల పైమాటే. యెస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1972 సెప్టెంబరులో తెచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఇది. ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడుగాటి, మలుపులు తిరిగే రాక్ పాటల బాణీ, ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ ప్లేటే పెడతాను.

ముందు కవరు చూడండి. బొమ్మ రోజర్ డీన్‌ది. బుడగల్లా ఒకదాన్నొకటి పట్టుకున్న ఈ అక్షరాలు బ్యాండ్‌కి గుర్తుగా మారింది ఈ ఆల్బమ్‌తోనే. పైన చూస్తే ఉత్త ఆకుపచ్చ రంగే, తెరిస్తే మాత్రం లోపల కొండకొమ్మున ఒక సరస్సు, అంచుల నుంచి నీళ్ళు కిందికి జారిపోతుంటాయి. ఫోన్ తెర మీద ఇది గోరంత కనిపిస్తుంది, అందుకే 12 అంగుళాల అట్ట మీద చూడమంటాను.

[ముల్లు దించుతున్న దృశ్యం]

మొదట పిట్టల అరుపులు, నీళ్ళ చప్పుడు. అంతలోనే స్టీవ్ హౌ గిటార్, క్రిస్ స్క్వైర్ బాస్, బిల్ బ్రూఫోర్డ్ డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి, ఎవరి దారి వాళ్ళదే అన్నట్టుంటుంది, మొదటిసారి విన్నప్పుడు నాకు ఊపిరాడలేదు. పాటకి ప్రేరణ హెర్మన్ హెస్సే నవల ‘సిద్ధార్థ’, అంటే ఏటి ఒడ్డున కూర్చుని ఆ నీటి మాట వినే మనిషి కథ. అది తెలిశాక ఆ మొదటి గందరగోళం నాకు వరదలా వినిపించడం మొదలైంది. తర్వాత నీరు నెమ్మదిస్తుంది, జాన్ ఆండర్సన్ గొంతు తేలుతూ వస్తుంది, ఆపైన రిక్ వేక్‌మన్ చర్చి ఆర్గన్ గది నిండా పరుచుకుంటుంది. ఆ ఆర్గన్‌ని లండన్‌లో సెయింట్ జైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో రికార్డు చేశారు. మిగతాదంతా అడ్విజన్ స్టూడియోలో, ఇంజినీర్ ఎడ్డీ ఆఫర్డ్‌తో కలిసి, ముక్కలు ముక్కలుగా వాయించి, టేపు కోసి అతికించి కట్టారు. వింటుంటే ఆ అతుకులు తెలియవు.

ఇప్పుడు ప్లేటు సంగతి. రికార్డు మీద వందల గీతలు కనిపిస్తాయి గానీ నిజానికి అది ఒక్కటే గాడి, బయటి నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. ప్లేటు నిమిషానికి ముప్పైమూడుంపావు కంటే కాస్త ఎక్కువ చుట్లు, ఒకే వేగంతో తిరుగుతుంది, కాబట్టి ఈ పాట అయ్యేసరికి దాదాపు 620 చుట్లు. కానీ బయటి అంచున ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి పరుగెడితే, బాగా లోపలికి వెళ్ళేసరికి అది 20 సెంటీమీటర్లకు దగ్గరపడుతుంది. అంటే అదే ఒక్క సెకను సంగీతాన్ని సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే ఏ రికార్డయినా చివర్లో పై స్వరాలు కాస్త నలుగుతాయి, ‘స’ అక్షరం చీరుకుపోయినట్టు వస్తుంది.

ఈ పాట ఉచ్ఛస్థితికి చేరేది సరిగ్గా అక్కడే! ఆర్గన్ అయ్యాక బ్యాండంతా తిరిగొచ్చి గొంతులన్నీ కలిపి పైకెత్తే ఆ చివరి నాలుగు నిమిషాలూ ప్లేటు మధ్యలో ఉండే కాగితం లేబుల్‌కి దగ్గరగానే ఉంటాయి. కాబట్టి పాత కాపీ కొంటుంటే మొదటి నిమిషం విని మురిసిపోకండి, మొదటి వైపు చివరి భాగం పెట్టించుకుని విన్నాకే డబ్బులివ్వండి. ఇంట్లో కార్ట్రిడ్జ్, అంటే ముల్లుని పట్టుకునే చిన్న భాగం, దాని కోణం కూడా సరి చూసుకోండి, తేడా ఉంటే ముందుగా బయటపడేది ఇక్కడే.

రెండో వైపు ‘అండ్ యూ అండ్ ఐ’, ‘సైబీరియన్ ఖత్రు’. రెండోదాంట్లో హౌ ఎలక్ట్రిక్ సితార్ కూడా వాయించాడు, ఆ జుమ్మనే నాదాన్ని మన చెవి ఇట్టే పట్టేస్తుంది. ఇంత గొప్ప పని చేశాక బ్రూఫోర్డ్ బ్యాండ్ వదిలి కింగ్ క్రిమ్సన్ అనే మరో బ్యాండ్‌లో చేరిపోయాడు. ఆ సంగతి తెలిసి ఆ డ్రమ్స్ వింటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

[ముల్లు లేబుల్ దగ్గరికి చేరుతోంది]

మొదటి వైపు మళ్ళీ ఆ పిట్టలతో, ఆ నీళ్ళతోనే ముగుస్తుంది. ఫోన్లో అయితే అవి ఇలా ఆగీ ఆగకముందే తర్వాతి పాట గిటార్ మొదలైపోతుంది. ఇక్కడ ముల్లు లేస్తుంది, గది నిశ్శబ్దమవుతుంది. కాసేపు అలాగే కూర్చోండి, ఆ తర్వాత లేచి ప్లేటు తిప్పండి.